ఉద్దానం అమ్మాయి, 5,000 మీటర్లు, కాలి ఎముకలో పగులు: ఒక ఫిజియోథెరపిస్టు కేస్ స్టడీ

ఈ కేసు రాయడానికి ఆ అమ్మాయి, ఆమె తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. గుర్తుపట్టే వివరాలు తీసేశాను. మా జిల్లాలో దూరపు పరుగు నేర్పే మాస్టార్లు, పిల్లల్ని గ్రౌండుకి పంపే అమ్మానాన్నలు, నాలాంటి ఫిజియోలు చదవాలని దీన్ని రాస్తున్నాను.

వచ్చినప్పటి పరిస్థితి

వయసు 19. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం, వజ్రపుకొత్తూరు మండలంలో ఒక పల్లె. డిగ్రీ రెండో ఏడాది. 3,000, 5,000 మీటర్లు పరిగెడుతుంది. జూనియర్ స్థాయిలో రాష్ట్ర మీట్ల దాకా వెళ్లింది. 5,000 మీటర్లలో బెస్ట్ టైమ్ 17 నిమిషాల 48 సెకన్లు. కుడికాలి ముందు ఎముక (టిబియా) లోపలి అంచున, చీలమండకి జానెడు కంటే కాస్త తక్కువ ఎత్తులో నొప్పి. మొదట్లో పరుగు అయ్యాక వచ్చేది. తర్వాత పరుగు మధ్యలోనే మొదలయ్యేది. మా శ్రీకాకుళం క్లినిక్‌కి వచ్చేసరికి రాత్రి పడుకున్నా సలుపు తగ్గడం లేదు.

అప్పటికి ఐదు వారాలుగా ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ అనే నొప్పి తగ్గించే ఇంజెక్షన్లు, అవి లేని రోజు మాత్రలు వాడుతోంది. ఒక మీట్‌లో ఉదయం ఇంజెక్షన్ చేయించుకుని సాయంత్రం 5,000 పరిగెత్తింది. 18 నిమిషాల 20 సెకన్లు వచ్చింది. ఆ టైమ్ చూసి ఇంట్లో అందరికీ టెన్షన్. "మా గుంటకి ఏటయ్యింది మేడమ్, రోజూ పరిగెడుతోంది, రోజురోజుకీ వెనక్కి పోతోంది" అని తల్లి అడిగింది.

ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 42 కిలోలు. ఏడాది కిందట 47 ఉండేదట.

నొప్పి ఎంత మేర ఉందో మొదట చూశాను. మామూలు షిన్ నొప్పి (ఎక్కువ పరుగు వల్ల కాలి ముందు ఎముక వెంబడి వచ్చేది) అయితే ఎముక అంచు వెంబడి నాలుగైదు వేళ్ల మేర పరుచుకుని ఉంటుంది, ఇక్కడని చూపించమంటే పిల్లలు అరచేత్తో రుద్ది చూపిస్తారు. ఈ అమ్మాయి ఒక్క వేలు పెట్టి చూపించింది. అక్కడ నొక్కితే కాలు వెనక్కి లాగేసుకుంది. ఒంటికాలి మీద ఒక్కసారి గెంతమంటే గెంతలేకపోయింది. ఎక్స్‌రేలో ఏమీ లేదు. స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదే పదే పడే భారం వల్ల ఎముకలో వచ్చే సన్నటి పగులు) మొదటి వారాల్లో ఎక్స్‌రేకి సాధారణంగా అందదు కాబట్టి దాన్ని చూసి ధైర్యం చెప్పి పంపలేదు. ఎముకల డాక్టరు గారికి చూపించి ఎంఆర్‌ఐ తీయించాం. మూలుగలో వాపు రెండు రకాల చిత్రాల్లోనూ కనిపించింది, పగులు గీత మాత్రం ఇంకా ఏర్పడలేదు. ఈ దెబ్బ తీవ్రతని ఎంఆర్‌ఐ చూసి చెప్పే ఫ్రెడరిక్సన్ కొలతలో గ్రేడ్ 3. దెబ్బ లోపలి, వెనక అంచున ఉండడం మంచి విషయం. అక్కడ మానుతుంది. అదే ఎముక ముందు భాగంలోనో, తొడ ఎముక మెడ దగ్గరో ఉంటే విరిగిపోయే ప్రమాదం ఎక్కువ, ఆపరేషన్ దాకా వెళ్లొచ్చు.

విశ్రాంతి ఇచ్చి, పిక్కకి వ్యాయామాలు చెప్పి, మూడు నెలల తర్వాత మళ్లీ పరుగు మొదలుపెట్టించి ఇక్కడితో ఫైలు మూసేయొచ్చు. చాలాచోట్ల అలాగే మూస్తారు. ఆ పిల్ల ఎనిమిది నెలల్లో ఇంకో ఎముక పగలగొట్టుకుని తిరిగి వస్తుంది. 19 ఏళ్ల ఎముక ఎందుకు పగిలిందన్న ప్రశ్నకి ఎంఆర్‌ఐ జవాబు చెప్పదు.

ఆమె పరుగు ఎలా మొదలైంది

మా జిల్లాలో తెల్లవారుజామున నాలుగున్నరకి ఏ రోడ్డు మీదికి వెళ్లినా పరిగెత్తే కుర్రాళ్లు కనిపిస్తారు. ఆర్మీ సెలక్షన్‌లో 1.6 కిలోమీటర్ల పరుగుని ఐదున్నర నిమిషాల్లో ముగిస్తే పూర్తి మార్కులు అన్న లెక్క చాలా ఏళ్లు నడిచింది. ఆ లెక్క మీదే మా ఊళ్ల పరుగు సంస్కృతి తయారైంది. రోజూ ట్రయల్, రోజూ స్టాప్‌వాచ్, రోజూ ఊపిరి అందనంత వేగం. ఉద్యోగం కోసం ఆరునెలలు చేసే ప్రాక్టీసుకి అది ఎలాగోలా సరిపోవచ్చు. దూరపు పరుగునే జీవితంగా పెట్టుకున్నవాళ్లకి సరిపోదు.

ఈ అమ్మాయి పదో తరగతిలో ఉండగా అన్న వెంట ఆ బ్యాచ్‌తో పరిగెత్తడం మొదలుపెట్టింది. సగం మంది కుర్రాళ్ల కంటే ముందు వచ్చేది. అక్కడ నేర్పే మాస్టారు రిటైరైన సైనికుడు, పైసా తీసుకోకుండా ఊరి పిల్లలకి నేర్పుతారు. ఆమెలోని రన్నర్‌ని గుర్తించింది ఆయనే. ఇంటర్ తర్వాత ఆమె ఇంకో జిల్లాలో ఒక శిక్షణ కేంద్రంలో కొన్ని నెలలు ఉంది. అక్కడ రెండు మార్పులు జరిగాయి. వారానికి 45 కిలోమీటర్ల పరుగు పది వారాల్లో 90కి చేరింది. రెండోది, "బరువు తగ్గితే టైమ్ తగ్గుతుంది" అని చెప్పారు. రాత్రి అన్నం మానేసింది.

నిజంగానే టైమ్ తగ్గింది. 18:30 నుంచి 17:48కి వచ్చింది. ఇక్కడే అందరూ నమ్మేస్తారు. బరువు తగ్గిన మొదటి కొన్ని నెలల్లో రన్నర్ వేగం పెరగడం మామూలే, మోయాల్సిన భారం తగ్గుతుంది కదా. ఆ నెలల్లోనే లోపల ఒంట్లో ఒక్కొక్క ఖర్చూ కోత పడుతుంది. హార్మోన్లు తగ్గుతాయి, ఎముక కట్టడం మందగిస్తుంది, రక్తం చిక్కదనం పోతుంది. ఇది స్టాప్‌వాచ్‌లో కనిపించేసరికి ఏడాది గడిచిపోతుంది.

అడగాల్సిన ప్రశ్న

పీరియడ్స్ ఎలా వస్తున్నాయని అడిగాను. తొమ్మిది నెలలుగా లేవని చెప్పింది. బాధపడుతూ కాదు, సంతోషంగా. "ట్రైనింగ్ గట్టిగా చేస్తే ఆగిపోతాయట కదా మేడమ్, మీట్ అప్పుడు టెన్షన్ లేదు" అంది. తల్లికి ఆ సంగతి తెలియదు.

ఆడపిల్లకి కోచింగ్ ఇచ్చే ప్రతి మాస్టారూ ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. సక్రమంగా వచ్చే నెలసరి మూడు నెలలు ఆగిందంటే అది ట్రైనింగ్ బాగా సాగుతోందన్న గుర్తు కాదు, వెంటనే డాక్టరుకి చూపించాలన్న గుర్తు. మగ మాస్టారు నేరుగా అడగడానికి మొహమాటపడతారు, ఆ పిల్లా చెప్పదు. అందుకని గ్రౌండులో ఒక టీచరమ్మో, సీనియర్ అమ్మాయో ఆ లెక్క చూసే ఏర్పాటు ఉండాలి. ఇప్పుడు మా మాస్టారు తన కోడలికి ఆ పని అప్పజెప్పారు. బాగా నడుస్తోంది.

స్త్రీల వైద్యురాలు గర్భం, థైరాయిడ్, ప్రొలాక్టిన్ పరీక్షలు చేసి అవేవీ కారణం కాదని తేల్చారు. నెలసరిని నడిపే హార్మోన్లు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ఈస్ట్రాడియోల్ తక్కువ. అంటే ఒంటికి తిండి చాలక మెదడే ఆ వ్యవస్థని ఆపేసింది. మిగతా రిపోర్టులు: హిమోగ్లోబిన్ 10.4, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) 8, విటమిన్ డి 15, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసే పరీక్ష) 0.9, మూత్రంలో ప్రొటీన్ లేదు. విశాఖపట్నంలో ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ తీయిస్తే వెన్నెముక జెడ్ స్కోరు మైనస్ 1.6. అదే వయసు మామూలు అమ్మాయిల సగటు కంటే ఎముక బాగా పలచగా ఉందన్నమాట. రోజూ పరిగెత్తే అమ్మాయికి సగటు కంటే గట్టిగా ఉండాలి.

ఈ పరిస్థితికి పేరుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీన్ని రెడ్-ఎస్ అంది, అంటే ఆటలో ఖర్చుకి తగ్గ శక్తి తిండి నుంచి అందకపోవడం. 2018లోనూ 2023లోనూ దాన్ని విస్తరించి మళ్లీ రాశారు. మగపిల్లలకీ వస్తుంది. వాళ్లకి నెలసరి లాంటి గుర్తు లేదు కాబట్టి ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది.

లెక్క కష్టం కాదు. కొవ్వు తీసేస్తే ఆమె ఒంటి బరువు సుమారు 36 కిలోలు. ఆ ఒక్కో కిలోకి, పరుగు ఖర్చు పోగా రోజుకి 45 కేలరీల దాకా మిగలాలి. 30 కంటే తగ్గితే ప్రమాదం. కిలోమీటరు పరుగుకి కిలో బరువుకి సుమారు ఒక కేలరీ ఖర్చవుతుంది. ఆమె రోజుకి 14 కిలోమీటర్లు పరిగెడుతోంది, అంటే దాదాపు 590 కేలరీలు. కాబట్టి కనీసం 2,200 తినాలి. మూడు రోజులు తిన్నదంతా రాయించి చూస్తే 1,500 దగ్గర తేలింది. పొద్దున్న టీ, రెండు బిస్కెట్లు. మధ్యాహ్నం అన్నం, పప్పుచారు. సాయంత్రం మళ్లీ టీ. రాత్రి ఒక అరటిపండు. 1,500లో 590 తీసేసి 36తో భాగిస్తే 25.

ఆ ఇంట్లో తిండికి కరువని కాదు, పూర్తిగా సమృద్ధి అనీ కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు వాళ్ల కొబ్బరి చెట్లు చాలా పడిపోయాయి. మళ్లీ నాటిన మొక్క కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది. తల్లి పలాసలో జీడి ఫ్యాక్టరీలో పప్పు ఒలిచే పనికి వెళ్తుంది. రోజంతా జీడిపప్పు చేతుల్లో ఉంటుంది, కూతురి కంచంలోకి రాదు.

నొప్పి మాత్రలు, ఉద్దానం

ఈ భాగం మా ప్రాంతానికి ప్రత్యేకం కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని కుటుంబం కోసం వెతకాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఏ మండలంలోనైనా డయాలసిస్ కోసం బస్సెక్కేవాళ్లు ఉంటారు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. ఇన్నేళ్ల పరిశోధన తర్వాత కూడా జబ్బుకి కారణం ఇదీ అని తేలలేదు. ఈ అమ్మాయి పెదనాన్న డయాలసిస్ మీద ఉన్నారు.

డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు నొప్పి తగ్గించడానికి ప్రొస్టాగ్లాండిన్లు అనే రసాయనాల తయారీని ఆపుతాయి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలోకి రక్తం వెళ్లే దారిని తెరిచి ఉంచేవి కూడా అవే ప్రొస్టాగ్లాండిన్లు. మే నెల ఎండలో, సముద్రపు ఉక్కలో గంటసేపు పరిగెత్తి లీటరు చెమట పోసినవాళ్లు ఈ ఇంజెక్షన్ వేయించుకుని ఉంటే కిడ్నీకి రెండు వైపుల నుంచీ దెబ్బ. ఎక్కడైనా ఇది మంచిది కాదు. జబ్బు తెగ ఎక్కువగా ఉండి, కారణం తెలియని ఊళ్లో అయితే అసలు చేయకూడదని నా గట్టి అభిప్రాయం. పగిలిన ఎముక మానడాన్ని కూడా ఈ మందులు ఆలస్యం చేయొచ్చు. పైగా నొప్పి అనే హెచ్చరిక ఆగిపోతుంది. గ్రేడ్ 1లో ఆగాల్సిన పగులు గ్రేడ్ 3కి వెళ్లడానికి ఆ ఐదు వారాల ఇంజెక్షన్లే దారి వేశాయని నేను అనుకుంటున్నాను.

క్రియాటినిన్ 0.9 మామూలే కదా అని తండ్రి అన్నారు. కండ తక్కువ ఉన్న సన్నటి అమ్మాయికి ఆ అంకె ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండలేమని, మూడు నెలలకోసారి రక్తం, మూత్రం రెండూ చూద్దామని కిడ్నీ డాక్టరు గారు చెప్పారు. మాత్రలు ఆ రోజుతో బంద్.

ఒలింపిక్ చరిత్రలో దీనికి దగ్గరి ఉదాహరణ పౌలా రాడ్‌క్లిఫ్. బ్రిటన్ రన్నర్. 1996 అట్లాంటాలో 5,000 మీటర్లలో ఐదో స్థానం, 2000 సిడ్నీలో 10,000 మీటర్లలో చాలాదూరం ముందుండి నడిపించి చివర్లో నాలుగో స్థానం. తర్వాత మారథాన్‌కి మారి 2003 లండన్‌లో 2 గంటల 15 నిమిషాల 25 సెకన్ల ప్రపంచ రికార్డు పెట్టింది. 2004 ఏథెన్స్‌కి వెళ్లేటప్పుడు స్వర్ణం ఆమెదే అని లోకమంతా అనుకుంది. మీట్‌కి ముందు కాలి గాయానికి వాడిన వాపు తగ్గించే మందులు కడుపుని పాడుచేసి, తిన్నది ఒంటపట్టకుండా చేశాయని ఆమె తర్వాత చెప్పింది. మారథాన్ మధ్యలోనే రోడ్డు పక్కన కూలబడిపోయింది. కొద్ది రోజులకి 10,000 మీటర్లలోనూ ముగించలేకపోయింది. పక్కన డాక్టర్లు, ఫిజియోలు ఉన్న ప్రపంచ రికార్డు మనిషికే అలా జరిగింది. అదే రాడ్‌క్లిఫ్ ఆ నవంబరులో న్యూయార్క్ మారథాన్ గెలిచింది. 2008లో తొడ ఎముక స్ట్రెస్ ఫ్రాక్చర్ నుంచి పూర్తిగా కోలుకోకముందే బీజింగ్‌లో పరిగెత్తి 23వ స్థానంలో వచ్చింది. ఆమె కెరీర్లో గాయం ఉంది, పతకం లేని నాలుగు ఒలింపిక్స్ ఉన్నాయి, ప్రపంచ రికార్డూ ఉంది. ఈ కథ నేను ఆ అమ్మాయికి మొత్తం చెప్పాను. పతకాల జాబితా చదివితే కెరీర్ అంటే ఏమిటో పిల్లలకి తెలియదు.

మాస్టారితో మాట

"నాలుగు నెలల్లో సెలక్షన్లు ఉన్నాయి మేడమ్. ఈ ఏడాది పోతే పిల్ల వయసు అయిపోతాది" అన్నారు మాస్టారు. ఆయన ఆందోళన నిజమైనది. సెలక్షన్ మీద హాస్టల్ సీటు, స్పోర్ట్స్ కోటా, ఆ ఇంటి భవిష్యత్తు ఆధారపడి ఉన్నాయి.

వయసు విషయంలో మాత్రం నేను ఒప్పుకోలేదు. కెన్యా రన్నర్ వివియన్ చెరూయట్ 17 ఏళ్లకి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 5,000 పరిగెత్తింది. ఆ పందెంలో ఆమెకి ఒలింపిక్ స్వర్ణం వచ్చింది 2016 రియోలో, 32 ఏళ్లకి. మధ్యలో బిడ్డని కని, ఆట ఆపి, తిరిగి వచ్చింది. మన లలితా బాబర్ రియోలో 3,000 మీటర్ల స్టీపుల్‌చేజ్ (అడ్డంకులు దాటుతూ పరిగెత్తే పందెం) ఫైనల్‌కి చేరి పదో స్థానంలో వచ్చేటప్పటికి 27 ఏళ్లు. పారుల్ చౌదరి 28 ఏళ్లకి 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 5,000 మీటర్ల స్వర్ణం గెలిచింది, ఆ ఏడాదే 15 నిమిషాల 10.35 సెకన్ల జాతీయ రికార్డు పెట్టింది. 2024 పారిస్‌లో 5,000కి అర్హత టైమ్ 14 నిమిషాల 52 సెకన్లు. మన అమ్మాయి 17:48 దగ్గర ఉంది. ఆ మూడు నిమిషాలు ఒక సీజన్‌లో కరగవు. కరిగితే ఏడెనిమిదేళ్ల వరస శిక్షణలో కరగాలి, అన్నేళ్లు ఎముకలు నిలవాలి. అందులో ఒక ఏడాది ఎముక కట్టుకోవడానికి ఇస్తే పోయేదేమీ లేదు.

ఇంకో సంగతి కూడా ఆయనతో పంచుకున్నాను. మన గ్రౌండుల్లో చేతులు మారుతూ వచ్చిన ట్రైనింగ్ చార్టులు దాదాపు అన్నీ మగవాళ్ల పరుగు మీద తయారైనవి. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి 10,000 మీటర్లు పెట్టింది 1988లో, 5,000 పెట్టింది 1996లో, స్టీపుల్‌చేజ్ 2008లో. మగవాళ్ల దూరపు పరుగుకి వందేళ్ల అనుభవం వెనక ఉంటే, ఆడవాళ్లది ఒక తరం వయసు. కుర్రాళ్ల చార్టుని ఆడపిల్లకి యథాతథంగా ఇవ్వడం ఎవరి దురుద్దేశమూ కాదు, వేరే చార్టు ఎవరూ ఇవ్వలేదు. ఆయన ఆ సెలక్షన్లు వదిలేయడానికి ఒప్పుకున్నారు. ఈ కేసులో మలుపు అదే.

కంచం ముందు, కాలు తర్వాత

వ్యాయామం కంటే ముందు తిండి మార్చాం. డైటీషియన్ సలహా తీసుకుని, వాళ్లింట్లో ఉన్నవాటితోనే. పొద్దున్న లేవగానే చోడి (రాగి) అంబలి మజ్జిగతో. ప్రాక్టీసు లేదా వ్యాయామం అయిన అరగంటలోపు పెరుగు కలిపిన చద్దన్నం, రెండు గుడ్లు. మధ్యాహ్నం అన్నం పెంచి, పప్పు ముద్దగా, పక్కన తోటకూరో మునగాకో. వారంలో నాలుగు రోజులు ఎండు నెత్తళ్లు, వాటిని ముల్లుతో సహా తింటాం కాబట్టి కాల్షియం బాగా అందుతుంది. సాయంత్రం వేరుశనగ ఉండలు, తల్లి తెచ్చే విరిగిన జీడిపప్పు ముక్కలు. రాత్రి అన్నం తిరిగి వచ్చింది. ఒక్కసారిగా పెంచలేదు, వారానికి కొంత కొంత.

అది ఆమెకి తేలిక కాలేదు. రాత్రి అన్నం ముందు కూర్చుని ఏడ్చిన రోజులున్నాయని తల్లి చెప్పింది. పరుగు లేని రోజుల్లో తింటే లావైపోతానన్న భయం. ఎముక మానడానికి కూడా శక్తి కావాలని ఎన్నిసార్లు చెప్పినా ఆ భయం మాటలతో పోలేదు. విశాఖలో ఒక సైకాలజిస్టుతో ఫోన్లో మాట్లాడించాం. అప్పట్నుంచి ఇంట్లో తూకం మిషన్ తీసేసి, బరువు నా దగ్గరే చూడడం పెట్టుకున్నాం. అంకె ఆమెకి చెప్పేవాళ్లం కాదు.

ఐరన్ మాత్ర డాక్టరు గారు రోజు విడిచి రోజు ఇచ్చారు. రోజూ వేసుకుంటే హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి తర్వాతి మాత్ర సరిగ్గా ఒంటపట్టనివ్వదు. గట్టి పరుగు తర్వాత కొన్ని గంటలకి కూడా అదే హార్మోన్ పెరుగుతుంది, అందుకే పొద్దున్నే నిమ్మరసంతో వేసుకోమన్నారు. టీ గంటన్నర దూరంలో. విటమిన్ డి వారానికొకటి, ఎనిమిది వారాలు. నెలసరి కోసం గర్భనిరోధక మాత్రలు ఇవ్వలేదు. అవి వాడితే రక్తస్రావం కనిపిస్తుంది, అందరూ నయమైపోయిందనుకుంటారు, లోపల ఎముక అలాగే ఉంటుంది. ఒలింపిక్ కమిటీ నిపుణుల సలహా కూడా వద్దనే.

ఎముక, కండ, పరుగు

ఎముక మానే పద్ధతి తెలిస్తే ఓపిక వస్తుంది. పాత రోడ్డుకి మరమ్మతు చేసేటప్పుడు ముందు తవ్వేస్తారు, తర్వాత పోస్తారు. ఎముకలోనూ దెబ్బతిన్న భాగాన్ని తొలిచే కణాలు ముందు వస్తాయి, కొత్తది కట్టే కణాలు తర్వాత వస్తాయి. అందుకే మూడు నాలుగు వారాలకి నొప్పి తగ్గినా ఎముక అప్పుడే బలహీనంగా ఉంటుంది. చాలామంది తిరిగి పరుగు మొదలుపెట్టి దెబ్బతినేది సరిగ్గా ఆ సమయంలో.

మొదటి మూడు వారాలు చేతికర్రలు, నొప్పి లేకుండా నడవగలిగేదాకా. తర్వాత స్టాండు మీద నిలిపిన సైకిల్ తొక్కడం, తుంటి, నడుము, పిక్క బలం. పిక్కలో లోపలి కండ (సోలియస్) పరుగులో ఒంటి బరువుకి ఆరేడు రెట్లు భారం మోస్తుంది. అది అలిసిపోతే ఆ భారం ఎముక మీద పడుతుంది. మోకాలు వంచి కూర్చుని, తొడ మీద బస్తా పెట్టుకుని మడమలెత్తే వ్యాయామం ఇచ్చాను. ఐదు కిలోల బియ్యం సంచితో మొదలై ఇరవై కిలోలకి వెళ్లింది. బరువులెత్తితే ఆడపిల్ల పరుగు పాడవుతుందని ఊళ్లో ఎవరో అన్నారట. ఊసవానిపేట అమ్మాయి కర్ణం మల్లీశ్వరి 2000 సిడ్నీలో దేశానికి ఒలింపిక్ పతకం తెచ్చింది బరువులెత్తే. పక్కన విజయనగరం జిల్లా కొండవెలగాడ నుంచి అమ్మాయిలు కామన్వెల్త్ దాకా వెళ్లారు. మన ప్రాంతంలో ఆడపిల్ల బలాన్ని చూసి భయపడడానికి కారణమే లేదు. రన్నర్‌కి ఆ స్థాయి బరువులు అక్కర్లేదు, కానీ బలం తప్పనిసరి.

పదకొండో వారంలో పరుగు మొదలైంది. దానికి ముందు నాలుగు షరతులు పెట్టాను: ఎముక మీద గట్టిగా నొక్కినా నొప్పి ఉండకూడదు, 45 నిమిషాలు నొప్పి లేకుండా నడవాలి, ఒంటికాలి మీద 25 సార్లు మడమ ఎత్తాలి, అదే కాలి మీద పదిసార్లు గెంతాలి. ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక, పదిసార్లు, రోజు విడిచి రోజు. సిసి రోడ్డు మీద కాదు, స్కూలు గ్రౌండు మట్టి మీద. అక్కుపల్లి బీచ్‌లో మెత్తటి ఇసుక మీద పరుగు వద్దన్నాను, అక్కడ పిక్క మీద భారం ఎక్కువ, వాలు వల్ల రెండు కాళ్లకీ సమానంగా పడదు. కొత్త బూట్లు కొనిపించాం, పాతవాటి అడుగు ఒకవైపు పూర్తిగా అరిగిపోయి ఉంది. అడుగు కాస్త చిన్నది చేసి, నిమిషానికి అడుగుల సంఖ్య ఐదు శాతం పెంచాం. ఎముక మీద దెబ్బ తగ్గించడానికి నాకు తెలిసినంతలో ఖర్చు లేని మార్గం అదే.

పద్నాలుగో వారంలో వెనకడుగు పడింది. అన్న బ్యాచ్ ట్రయల్ రోజున ఆగలేక వాళ్లతో కలిసి 1600 మీటర్లు పరిగెత్తేసింది. రెండు రోజులకి అదే చోట సలుపు. తనే ఫోన్ చేసి చెప్పింది, దాచలేదు. నన్నడిగితే మొత్తం చికిత్సలో నాకు బాగా ధైర్యం ఇచ్చిన ఫోన్ అది. ఆర్నెల్ల ముందైతే ఇంజెక్షన్ చేయించుకుని ఊరుకునేది. రెండు వారాలు వెనక్కి తీసుకెళ్లి మళ్లీ మొదలుపెట్టాం.

ఐదో నెలలో నెలసరి తిరిగి వచ్చింది. అప్పటికి బరువు 46న్నర. నాలుగో నెల పరీక్షలో ఫెర్రిటిన్ 34, హిమోగ్లోబిన్ 12.3. క్రియాటినిన్, మూత్రం ప్రతిసారీ మామూలుగానే ఉన్నాయి. ఏడాదికి తీసిన డెక్సాలో జెడ్ స్కోరు మైనస్ 1.2. ఎముక అంత నెమ్మదిగానే తిరిగి వస్తుంది.

ఇప్పటి శిక్షణ

వారానికి 60 కిలోమీటర్లు. అందులో గట్టి వేగంతో చేసే రోజులు రెండే. మిగతా రోజులు పక్కవాళ్లతో మాట్లాడుతూ పరిగెత్తగలిగే వేగం. మాస్టారికి మొదట అది పరుగులాగే అనిపించలేదు. ఇప్పుడు ఆర్మీ బ్యాచ్ కుర్రాళ్లకి కూడా వారానికి మూడు రోజులు అదే చెబుతున్నారు, షిన్ నొప్పితో నా దగ్గరికి వచ్చేవాళ్లు ఆయన బ్యాచ్ నుంచి తగ్గారు. పొడవైన పరుగుని కొన్ని రోజులు ఉదయం, సాయంత్రం రెండుగా విడగొట్టాం. ఎముకలోని కణాలు కొన్ని పదుల అడుగుల తర్వాత దెబ్బకి స్పందించడం చాలావరకు మానేస్తాయి, కొన్ని గంటల విరామం ఇస్తే మళ్లీ స్పందిస్తాయి. ఎండాకాలంలో పరుగుకి ముందు, తర్వాత బరువు చూసి, పోయిన నీటిని ఉప్పు మజ్జిగతో తిరిగి తాగిస్తారు.

చికిత్స మొదలైన పదమూడు నెలల తర్వాత 5,000 మీటర్లలో 17 నిమిషాల 31 సెకన్లు పరిగెత్తింది. 47 కిలోల బరువుతో, ఇంజెక్షన్ లేకుండా. పాత బెస్ట్ 42 కిలోలకి దగ్గరగా ఉన్నప్పటిది.

ఈ సీజన్ అంతా 3,000, 5,000 మాత్రమే. 10,000 మీటర్లు, వారానికి 75 కిలోమీటర్ల పైన పరుగు, రెండూ వచ్చే డెక్సా రిపోర్టు చూశాకే. జెడ్ స్కోరు మైనస్ 1 దాటి పైకి వస్తే పెంచుతాం. రాకపోతే ఇంకో ఏడాది ఆగుతాం. మాస్టారు ఆ కాగితం మీద సంతకం పెట్టారు, ఆమె కూడా పెట్టింది.